తేలిక పొగ స్కాచ్: లేబుల్ కంటే శాంపిల్ ముఖ్యం

కథలాపూర్: పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూడకుండా ధర చెప్పే కొనుబడిదారు మెట్‌పల్లి యార్డులో కనిపించడు. మక్కలను గుప్పిట పట్టి తేమ అంచనా వేయనిదే కోరుట్ల, జగిత్యాల అడ్తిదారులు తూకానికి ఒప్పుకోరు. అదే వర్తకుడు వేల రూపాయల ఖరీదు చేసే స్కాచ్ సీసా దగ్గరకు వచ్చేసరికి పెట్టె అందాన్ని, లేబుల్ మీది అంకెలను చూసి విలువ కడుతున్నాడు. తేలికగా పొగ పట్టిన సింగిల్ మాల్ట్ రకాల విషయంలో ఈ పద్ధతి వల్ల రెండు విధాల నష్టం ఉన్నది. పొగ వాసన తగలగానే మంచి సరుకును నకిలీ అని పక్కన పెట్టడం ఒకటి. పొగ అంకె పెద్దదిగా ఉన్నదని హెచ్చు ధర పెట్టడం రెండవది.

ఈ పరీక్ష తెలుసుకోవలసిన అవసరం ఇటీవల పెరిగింది. కథలాపూర్ మండలం నుంచి, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు సెలవుపై వచ్చేటప్పుడు విమానాశ్రయాల్లోని సుంకం లేని దుకాణాల్లో స్కాచ్ కొని తేవడం ఏళ్ల తరబడిగా ఉన్నదే. ఒకప్పుడు వచ్చేవి చాలావరకు మిశ్రమ రకాలు. ఇప్పుడు వాటి మధ్య సింగిల్ మాల్ట్ సీసాలు కూడా కనిపిస్తున్నాయి. దీనికి తోడు 2025 జూలై 24న భారత్, బ్రిటన్‌లు సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందంలో స్కాచ్‌పై దిగుమతి సుంకం తగ్గింపు ఉన్నది. స్కాచ్ విస్కీ సంఘం లెక్కల ప్రకారం 2024లో మన దేశానికి 70 సెంటీలీటర్ల సీసాలలో చెప్పాలంటే 19.2 కోట్ల సీసాల సరుకు వచ్చింది. పరిమాణంలో ప్రపంచంలో మనదే ప్రథమ స్థానం. ఇందులో పెద్ద భాగం బల్కుగా వచ్చి ఇక్కడ సీసాలకెక్కేది, దేశీయ రకాలలో కలిసేది.

సింగిల్ మాల్ట్ అంటే

2009 నాటి బ్రిటిష్ నిబంధనల ప్రకారం స్కాచ్ అనే పేరు పెట్టాలంటే సరుకు స్కాట్లండ్‌లోనే తయారై, 700 లీటర్లకు మించని ఓక్ కర్ర పీపాలలో కనీసం 3 సంవత్సరాలు అక్కడే నిలవ ఉండాలి. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గరాదు. సింగిల్ మాల్ట్ అనాలంటే మరికొన్ని షరతులు ఉన్నాయి. మొలకెత్తించిన బార్లీ తప్ప వేరే ధాన్యం వాడరాదు. అంతా ఒకే కర్మాగారంలో, రాగి బట్టీలలో, విడతలు విడతలుగా దిగాలి. 2012 నవంబరు నుంచి సీసాలలో నింపడం కూడా స్కాట్లండ్‌లోనే జరగాలి.

మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడుపోయే చౌక రకాలలో అధిక భాగానికి మూలం చక్కెర మిల్లుల నుంచి వచ్చే మొలాసిస్, అంటే మడ్డి. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 చివర మూతపడే వరకు చెరకు పండించిన ఈ ప్రాంత రైతులకు మడ్డి కొత్త సరుకు కాదు. మడ్డి నుంచి దిగిన సారాయానికి ధాన్యపు రుచి ఉండదు. దానికి అలవాటుపడిన నాలుకకు మాల్ట్ రుచే కొత్త. అందులో పొగ కూడా తోడైతే అనుమానం కలగడం సహజం.

పొగ ఎక్కడిది

స్కాట్లండ్‌లోని చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, పొదలు వేల సంవత్సరాలుగా సగం కుళ్లి, పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. దీనినే పీట్ అంటారు. ఈ పొర పెరుగుదల ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే. దానిని ఇటుకల ఆకారంలో కోసి, ఎండలో ఆరబెట్టి, మనవారు పిడకలు కాల్చినట్లు కాలుస్తారు. చెట్టూ కట్టే లేని దీవుల్లో పూర్వం వంటకైనా, ధాన్యం ఆరబెట్టడానికైనా ఇదే ఆధారం.

నానబెట్టి మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టే సమయంలో, గింజ ఇంకా తడిగా ఉండగానే, కింద పీట్ పొగ పెడతారు. పొగలోని ఫీనాల్ జాతి పదార్థాలు గింజ పైపొట్టుకు పట్టుకుంటాయి. గింజ ఆరిపోయిన తర్వాత పొగ పెద్దగా అంటదు. కాబట్టి ఎంతసేపు, ఏ దశలో పొగ పెట్టారన్నదాన్ని బట్టి రకం ఏర్పడుతుంది. ఆ పదార్థాలలో గ్వయకాల్ కట్టెల పొయ్యి వాసననిస్తుంది. క్రెసాల్ జాతి ఆసుపత్రి వాసనను గుర్తుచేస్తుంది. ఏ దీవి పీట్ అయితే ఆ దీవి పొదల, నాచు గుణం పొగలో ఉంటుంది.

అంకె చెప్పేది, చెప్పనిది

పొగ పరిమాణాన్ని పది లక్షల వంతులలో, అంటే పి.పి.ఎం. లలో చెబుతారు. అబర్‌డీన్‌షైర్‌లోని ఆర్డ్‌మోర్ కర్మాగారం 12 నుంచి 14, బెన్‌రోమాక్ 10 నుంచి 12, క్యాంప్‌బెల్‌టౌన్‌లోని స్ప్రింగ్‌బ్యాంక్ 12 నుంచి 15 పి.పి.ఎం. మాల్ట్‌ను వాడుతాయి. తేలిక పొగ రకాలంటే ఇవే. ఐలా దీవికి చెందిన బోమోర్ 25 దగ్గర మధ్యరకం. అదే దీవిలోని లగవూలిన్ 35, లఫ్రోయిగ్ 40కి పైన, ఆర్డ్‌బెగ్ 55 దగ్గర ఉంటాయి. ఇవి ఘాటు రకాలు. ఆక్టోమోర్ అనే రకంలో కొన్ని విడుదలలకు ఈ అంకె 200 కూడా దాటింది.

వర్తకులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇక్కడ ఉన్నది. ఈ అంకె గింజది, సీసాలోని సరుకుది కాదు. పొట్టు వేరైనప్పుడు కొంత, బట్టీలో కొంత, పీపాలో కొంత పొగ తగ్గిపోతుంది. బట్టీ దించేటప్పుడే సగం దాకా, కొన్నిచోట్ల అంతకన్న ఎక్కువ పోతుంది. మొదటి ధారను, చివరి ధారను వేరుచేసి నడిమి భాగాన్నే తీసుకుంటారు. పొగ పదార్థాలు ఆలస్యంగా దిగుతాయి. కాబట్టి నడిమి భాగాన్ని ఎక్కడ ఆపారన్నది కీలకం. లగవూలిన్, కాల్ ఈలా కర్మాగారాలు రెండూ పోర్ట్ ఎలెన్ నుంచి ఇంచుమించు ఒకే రకం మాల్ట్ తెచ్చుకుంటాయి. అయినా దిగిన సరుకులు రెండూ వేరు వేరు. కాల్ ఈలా తేలిక, లగవూలిన్ బరువు.

చేనులో చూసిన తేమ శాతాన్ని చెప్పి గోదాములోని సరుకును అమ్మజూపితే మన అడ్తిదారు ఒప్పుకోడు. పీట్ అంకె కూడా అలాంటిదే. కర్మాగారం ధోరణిని తెలుపుతుంది కాని, చేతిలోని సీసాకు అది హామీ కాదు. పైగా పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ పొగ తగ్గుతుంది. 10 ఏళ్ల సరుకులో స్పష్టంగా ఉన్న పొగ అదే కర్మాగారం 25 ఏళ్ల సరుకులో జాడగా మాత్రమే మిగలవచ్చు. పొగ కోసం కొనేవారు వయస్సుకు అదనపు ధర పెట్టడంలో అర్థం లేదు.

తెలియకుండా తాగిన పొగ

ఈ రుచి మనవారికి పూర్తిగా కొత్తదని చెప్పలేము. ఆర్డ్‌మోర్ కర్మాగారాన్ని 1898లో ఆడమ్ టీచర్ స్థాపించాడు. టీచర్స్ హైలాండ్ క్రీమ్ అనే మిశ్రమ స్కాచ్‌కు కావలసిన మాల్ట్ కోసమే దానిని కట్టారు. ఆ మిశ్రమానికి వెన్నెముక నేటికీ ఆర్డ్‌మోరే. మన దేశంలో టీచర్స్ పేరు వినని మద్యం వర్తకుడు లేడు. ఆ గ్లాసులో చివరన తగిలే సన్నటి పొగ ఈ కర్మాగారానిదే. కాబట్టి తేలిక పొగ మాల్ట్‌ను మొదటిసారి పరీక్షించేవారు పక్కన టీచర్స్ గ్లాసు ఒకటి పెట్టుకుంటే తెలిసిన రుచి నుంచి తెలియని రుచికి దారి దొరుకుతుంది.

శాంపిల్ పరీక్ష

పరీక్షకు ఉదయం, భోజనానికి ముందు సమయం అనువైనది. బీడీ, తంబాకు, పాన్ వాడినవారు కనీసం గంటసేపు ఆగాలి. పసుపు, మిరప నిలవలున్న గోదాములోను, అగరువత్తులు వెలిగించిన గదిలోను పరీక్ష పనికిరాదు. గ్లాసు అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉండాలి. వాసన పైకి చేరి నిలవడానికి ఆ ఆకారం తోడ్పడుతుంది. మంచు వేయరాదు. చల్లదనం వాసనను అణచివేస్తుంది. సోడా కూడా పనికిరాదు.

మూడు గ్లాసులు పెట్టుకోవడం మంచిది. ఒకటి పొగ లేని మాల్ట్, ఒకటి తేలిక పొగది, ఒకటి ఘాటుది. అడుగున సుద్దతో గుర్తులు పెట్టి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరిచేత చోట్లు మార్పించాలి. పేరు తెలిసిన సరుకుకు ముక్కు పక్షపాతం చూపుతుంది. ఒక్కో గ్లాసులో 20 మిల్లీలీటర్లకు మించి అవసరం లేదు.

రంగు: రంగును లెక్కలోకి తీసుకోరాదు. నిబంధనల ప్రకారం స్కాచ్‌లో సాధారణ కేరమెల్ రంగు కలపవచ్చు. పాలిష్ పట్టిన పసుపు మెరుపును చూసి మోసపోని వర్తకుడు ముదురు రంగు విస్కీని చూసి పాత సరుకని అనుకోవడం తగదు.

వాసన: ముక్కును గ్లాసులో దూర్చరాదు. నోరు కొద్దిగా తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర నుంచి మెల్లగా పైకి తేవాలి. మొదటిసారి ఆల్కహాల్ ఘాటే తెలుస్తుంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇక్కడ వాసనలు వచ్చే క్రమం ముఖ్యం. మంచి తేలిక పొగ రకంలో ముందుగా ధాన్యపు తీపి, తేనె, ఆపిల్ లేదా బేరిపండు, పీపా నుంచి వచ్చిన వనిల్లా తెలుస్తాయి. పొగ వాటి వెనుక నుంచి వస్తుంది. ఆరిన పొయ్యిలోని బూడిద, నిప్పుల మీద కాల్చిన మక్కబుట్ట, ఎండిన తునికాకు వంటి వాసనలు ఇందులో పోల్చుకోవచ్చు. గ్లాసు ఎత్తగానే పొగే ముందు వచ్చి, పండు, ధాన్యం ఎంతసేపటికీ కనిపించకపోతే అది తేలిక రకం కాదు, లేదా లేత సరుకు.

రుచి: మొదటి గుక్క నాలుకను అలవాటు చేయడానికే. దాని మీద తీర్పు చెప్పరాదు. రెండవ గుక్కను ఐదారు క్షణాలు నోటిలో తిప్పాలి. తీపి మొదట, మిరియాల వంటి కారం తర్వాత, పొగ చివర రావడం మంచి లక్షణం. కూరలో ఉప్పు ఉన్నట్లు ఉండాలి ఈ పొగ. తీసేస్తే చప్పబడాలి, ఉన్నట్లు మాత్రం ప్రత్యేకంగా తెలియరాదు. తంబాకు పాళ్లు కలపడం తెలిసిన కోరుట్ల, సిరిసిల్ల బీడీ కార్ఖానాల వారికి ఈ మాట వివరించనక్కర లేదు.

నీళ్లు: అర చెంచా చొప్పున మామూలు నీళ్లు కలుపుతూ ప్రతిసారీ వాసన చూడాలి. ఇది సరుకును పలుచన చేయడానికి కాదు. వృత్తిగా మిశ్రమాలు కూర్చే నిపుణులు శాంపిళ్లను 20 శాతం ఆల్కహాల్ దాకా నీళ్లు కలిపి, ఎక్కువగా వాసనతోనే నిర్ణయిస్తారు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇద్దరు కంప్యూటర్ లెక్కలు కట్టి, ఆల్కహాల్ శాతం తగ్గినప్పుడు గ్వయకాల్ ద్రవం పైభాగానికి చేరుతుందని చూపారు. నీళ్లతో పొగ పైకి తేలడానికి ఇది కారణం. నీళ్లు పడగానే పొగ, పండు రెండూ విప్పారితే సరుకు గట్టిది. పొగ ఒక్కటే మిగిలి అడుగున నీళ్ల రుచి వస్తే తక్కువ రకం.

ఖాళీ గ్లాసు: పరీక్ష ముగిశాక గ్లాసును కడగకుండా పావుగంట ఉంచి మళ్లీ వాసన చూడాలి. ఆల్కహాల్ పోయి పొగ, పీపా గుణాలు మాత్రమే మిగులుతాయి. తేలిక రకాలలో పొగ ఉన్నదా లేదా అన్న సందేహం ఇక్కడ తీరుతుంది.

ఒక పూటలో నాలుగు రకాలకు మించితే ముక్కు పనిచేయదు. గుక్కను మింగనక్కర లేదు, ఉమ్మివేయవచ్చు. తేయాకు పరీక్షకులు చేసేది కూడా అదే.

దోషమేది, గుణమేది

ఆసుపత్రి వాసన, బూడిద వాసన, సముద్రపు నాచు వాసన పొగ రకాలకు సహజ గుణాలు. వాటిని చూసి సీసా వాపసు చేయనక్కర లేదు. కాలిన రబ్బరు, కుళ్లిన గుడ్డు, అగ్గిపుల్ల గీసిన వాసన గంధకం వల్ల వచ్చేవి. వీటిని పొగగా పొరబడేవారు చాలామంది. తడి అట్టపెట్టె వాసన చెడిన బిరడా వల్ల కావచ్చు. చెమట, పాత తోలు వాసన బలంగా ఉంటే చివరి ధార ఎక్కువగా కలిసిందని అర్థం.

నీళ్లు కలిపినప్పుడు మసక రావడాన్ని కల్తీగా భావించరాదు. చల్లబరచి వడపోయని సరుకు 46 శాతం కన్న పలచబడితే, ముఖ్యంగా చలిలో, మసకబారుతుంది. సగం ఖాళీ అయి నెలల తరబడి ఉన్న సీసాలో పొగ నీరసిస్తుంది. అటువంటి సీసా నుంచి శాంపిల్ తీసి రకం మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. అసలు నకిలీలు ఎక్కువగా ఖాళీ సీసాలను తిరిగి నింపగా వచ్చేవి. మూత సీలు, సీసా మీది లాట్ అంకె, దుకాణపు సరుకైతే ఎక్సైజ్ లేబుల్ చూడడం ముందు చేయవలసిన పని. ఖాళీ అయిన ఖరీదైన సీసాను పాత సామానువాడికి అలాగే అమ్మకుండా లేబుల్ చింపి ఇవ్వడం అందరికీ క్షేమం.

దేశీయ మాల్ట్

పొగ రకాలు ఇప్పుడు మన దేశంలోనూ తయారవుతున్నాయి. బెంగుళూరుకు చెందిన అమృత్ సంస్థ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో మొదట గ్లాస్గోలో విడుదల చేసింది. 2009లో వచ్చిన అమృత్ ఫ్యూజన్‌లో నాలుగింట మూడు వంతులు భారతీయ బార్లీ, ఒక వంతు స్కాట్లండ్ నుంచి తెచ్చిన పొగ బార్లీ. జిమ్ మర్రే రాసే విస్కీ బైబిల్ 2010 సంచిక దానికి ప్రపంచంలో మూడవ స్థానం ఇచ్చింది. అంటే ఆ గుర్తింపు తెచ్చుకున్న మన మాల్ట్ కూడా పొగను కొద్ది పాలుగానే వాడుకున్నది.

మన వేడిలో పీపా నుంచి ఆవిరయ్యే తరుగు చాలా ఎక్కువ. స్కాట్లండ్‌లో ఏటా సుమారు 2 శాతం ఉంటే, బెంగుళూరులో 10 శాతం దాకా, ఒక్కోసారి ఆపైన ఉంటుంది. సరుకు త్వరగా పక్వానికి వస్తుంది, త్వరగా తరిగిపోతుంది. కాబట్టి నాలుగైదు ఏళ్ల దేశీయ మాల్ట్‌ను 12 ఏళ్ల స్కాచ్‌తో వయస్సు లెక్కన పోల్చడం సరి కాదు.

ధర, సుంకం

2021 బడ్జెట్ నుంచి దిగుమతి మద్యంపై మూల సుంకం 50 శాతం, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 100 శాతం, మొత్తం 150 శాతంగా ఉంటూ వచ్చింది. ఓడరేవుకు చేరేసరికి 1,000 రూపాయలు పడిన సీసా సుంకంతో 2,500 అయ్యేది. ఒప్పందం ప్రకారం 75 శాతం సుంకమైతే 1,750, చివరకు 40 శాతమైతే 1,400. అయితే మద్యం జి.ఎస్.టి. పరిధిలో లేదు. రాష్ట్ర ఎక్సైజ్, వ్యాట్ వేరు. తెలంగాణలో టోకు వ్యాపారమంతా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే సాగుతుంది. కాబట్టి రేవులో 750 రూపాయలు తగ్గితే కోరుట్ల దుకాణంలో అంతా తగ్గుతుందని లెక్క వేసుకోరాదు.

ధరలు పోల్చేటప్పుడు సీసా పరిమాణం, శాతం రెండూ చూడాలి. 70 సెం.లీ. సీసాలో 46 శాతం సరుకుంటే అసలు ఆల్కహాల్ 32.2 సెం.లీ. 75 సెం.లీ. సీసాలో 40 శాతం సరుకుంటే 30 సెం.లీ. మాత్రమే. చూపులకు పెద్ద సీసాయే లోపల తక్కువ. నీళ్లు మనం కూడా కలుపుకోగలం కనుక, రెండు రకాలు సమానంగా నచ్చినప్పుడు శాతం ఎక్కువ ఉన్నదే లాభం.

గల్ఫ్ నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. అది సొంత వాడకానికి ఇచ్చిన సదుపాయం. ఆ సీసాను కొని అమ్మడం వ్యాపారం కిందికి వస్తుంది, నేరమవుతుంది. వర్తకులు అటువంటి సీసాను శాంపిల్‌గా రుచి చూడవచ్చు కాని సరుకుగా ముట్టుకోరాదు.

కొనుబడిదారులకు సూచన

తేలిక పొగ రకాలకు మన ప్రాంతంలో గిరాకీ ఇంకా కొద్దిదే. లైసెన్సుదారులు పేరు చూసి పెట్టెలకొద్దీ ఎత్తడం కంటే ఒకటి రెండు సీసాలతో ఆరంభించి, అడిగిన గ్రాహకుడికి పొగ సంగతి ముందుగానే చెప్పి అమ్మడం మేలు. చెప్పకుండా అమ్మిన సీసా తగాదాతో తిరిగి వస్తుంది. శాంపిల్ చీటీ మీద నాలుగు మాటలు రాసుకుంటే చాలు: ముందు వచ్చిన వాసన, నీళ్లు కలిపాక వచ్చిన మార్పు, పొగ నిలిచిన సమయం, ఖాళీ గ్లాసులో మిగిలినది. ఈ నాలుగూ రాసిన తర్వాతే లేబుల్ మీది వయస్సు, పి.పి.ఎం. అంకె, ధర చూడాలి. సుంకం తగ్గేకొద్దీ కొత్త పేర్లు, కొత్త పెట్టెలు బజారుకు వస్తాయి. అప్పుడు ఈ చీటీల కట్ట ఉన్న వర్తకుడికి ఏ సీసాకు ఎంత పెట్టాలో ఇంకొకరు చెప్పవలసిన పని ఉండదు.